మిరప ట్రే, ఐక్యూ లెక్క
(గుంటూరులో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయుల సభలో ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

“తెలివితేటల్లో సగం జన్యువులదేనట. కాబట్టి కొన్ని జాతులకు పుట్టుకతోనే తెలివి ఎక్కువ.” ఈ మాట మీరంతా ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. మన దగ్గర జాతి స్థానంలో కులం పేరు వస్తుంది. మొదటి వాక్యంలో కొంత నిజం ఉంది. తప్పంతా ఆ “కాబట్టి”లోనే ఉంది. ఈ పూట దాని గురించే చెబుతాను.

మిరప నారు మన జిల్లాకు కొత్త కాదు. రకరకాల విత్తనాలు కలిసిన సంచిలోంచి గుప్పెడు తీసి 98 గుంటల ప్రోట్రేలో వేద్దాం, ఇంకో గుప్పెడు మరో ట్రేలో. రెండింటికీ కొబ్బరిపొట్టే, ఎండా నీడా ఒకటే. మొదటి ట్రేకి పోషకాలన్నీ ఇద్దాం. రెండోదానికి నత్రజని సగం చేసి, జింకు ఆపేద్దాం. 40 రోజులకు స్కేలు పెట్టి కొలిస్తే, ఏ ట్రేలోనైనా మొక్కకీ మొక్కకీ ఎత్తు తేడా కనిపిస్తుంది. ఒక ట్రేలో అన్నిటికీ తిండి ఒకటే గనక ఆ తేడా విత్తనానిదే. అంటే అనువంశికత, అంటే తేడాల్లో జన్యువుల వాటా, దాదాపు 100 శాతం. మరి రెండు ట్రేల సగటుల మధ్య తేడా? అది మొత్తం తిండిదే! ట్రే లోపలి శాతం ఎంత ఉన్నా, ట్రేల మధ్య తేడా ఎందుకొచ్చిందో అది చెప్పలేదు. నల్ల, తెల్ల అమెరికన్ల ఐక్యూ (తెలివితేటల పరీక్షలో వచ్చే స్కోరు) తేడాలో జన్యువుల పాత్ర ఉండొచ్చని మనస్తత్వవేత్త ఆర్థర్ జెన్సెన్ 1969లో రాస్తే, 1970లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ మొక్కజొన్న గింజల ఉదాహరణతో ఇచ్చిన జవాబు ఇదే.

మనుషుల్లోనూ ఇది చూశాం. ఎత్తు అనువంశికత 80 శాతం దాకా ఉంటుంది. అయినా దక్షిణ కొరియా ఆడవాళ్ల సగటు ఎత్తు నూరేళ్లలో దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. నూరేళ్లలో జన్యువులు అంత మారవు. ఐక్యూ కూడా అమెరికాలో దశాబ్దానికి సుమారు 3 పాయింట్ల చొప్పున పెరిగిందని పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపించాడు.

ఇప్పుడు నేరుగా డీఎన్‌ఏ చదువుతున్నాం కదా, తేలిపోదా అంటారు. 2022లో 30 లక్షల మంది డీఎన్‌ఏతో చదువుకున్న ఏళ్లను పోల్చి చూశారు. దాదాపు 4 వేల చోట్ల సంబంధం దొరికింది, ఒక్కోదాని ప్రభావం అతి స్వల్పం. ఆ 30 లక్షల మందీ యూరప్ మూలాలవాళ్లే. ఆ చోట్లన్నీ కలిపి ఒక్కో మనిషికి ఒక స్కోరు వేస్తారు. ఆ స్కోరును వేరే జనాభాకు వాడితే అంచనా బాగా దెబ్బతింటుంది. సొంత అన్నదమ్ముల మధ్య పోల్చినా సంబంధం సగం దాకా తగ్గిపోతుంది, ఎందుకంటే ఇంటి వాతావరణం కూడా ఆ స్కోరులో కలిసిపోయి ఉంది.

ఇంకో చిక్కు చూడండి. గుంటూరులో వెయ్యి మందివి, లండన్‌లో వెయ్యి మందివి డీఎన్‌ఏ తీసుకుని, ఆవకాయ ఎవరు ఇష్టంగా తింటారో అడిగామనుకోండి. రెండు ఊళ్లలో వేరు వేరు పాళ్లలో ఉన్న ప్రతి డీఎన్‌ఏ తేడా “ఆవకాయ జన్యువు”లా తేలుతుంది. వంటింటి సంగతి కాస్తా రక్తానికి అంటగట్టేస్తాం. దీన్ని సరిదిద్దే పద్ధతులున్నాయి గానీ, అవి పూర్తిగా కడిగెయ్యలేవు.

అలాగని సమూహానికీ జన్యువులకూ సంబంధమే లేదనడం కూడా తప్పే. ఆర్యవైశ్యుల్లో కొందరికి బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ బాగా తక్కువ. కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన సమూహం తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకోవడంతో ఒకే ఒక్క జన్యుమార్పు పేరుకుపోయింది. ఆపరేషన్‌కు ముందు ఊపిరి గొట్టం వెయ్యడానికి సక్సినైల్‌కోలిన్ అనే కండరాలు సడలించే మందు ఇస్తే మామూలుగా పది నిమిషాల్లోపు ప్రభావం పోతుంది. ఆ మందును విరగ్గొట్టేది ఈ ఎంజైమే గనక, అది తక్కువైన వీళ్లకు గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి యంత్రంతోనే నడపాలి. ఇక్కడ ఒక జన్యువు, ఒక ఎంజైమ్, రక్తపరీక్షలో కొలవగలిగే ఫలితం ఉన్నాయి. తెలివితేటల విషయంలో ఇలాంటి గొలుసు ఎవరి దగ్గరా లేదు.

కుటుంబంలో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చి ఉంటే, ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు చెప్పండి. కోలినెస్టరేజ్ పరీక్ష చేయించి, అవసరమైతే వేరే మందు వాడతారు.