ఆ టీషర్టు తొడుక్కున్నవాళ్లు

సభకు నమస్కారం.

2005 జనవరి 6న జోహానెస్‌బర్గ్‌లోని తన ఇంటి దగ్గరకు నెల్సన్ మండేలా విలేకరులను పిలిపించారు. అప్పటికి ఆయన వయసు 86. ఆ రోజే చనిపోయిన తన కొడుకు మక్‌గాథోను తీసుకెళ్లింది ఎయిడ్స్ అని అందరి ముందూ చెప్పారు. ఈ జబ్బును దాచొద్దని, పైకి చెప్పినప్పుడే ఇది కూడా క్షయలాగా, క్యాన్సర్‌లాగా మామూలు జబ్బవుతుందని అన్నారు. ఆ రోజుల్లో నేను గుంటూరు జిల్లాలో హెచ్‌ఐవి కౌన్సెలర్‌గా పనిచేసేదాన్ని. మా దగ్గర ఎవరైనా పోతే ఇంట్లోవాళ్లు 'జ్వరం వచ్చి పోయాడు' అనేవాళ్లు, దినం కూడా గుట్టుగా చేసేవాళ్లు. మండేలా వార్త వచ్చిన పేపరును మేం మడతపెట్టి డ్రాయర్‌లో దాచుకున్నాం. అది చూపించి ఎంతమందితో మాట్లాడామో లెక్కలేదు.

కానీ ఈ రోజు నేను మండేలా కంటే ముందే ఆ మాట పైకి చెప్పినవాళ్ల గురించి మాట్లాడాలనుకుంటున్నాను.

1994లో దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయింది. ఓటు వచ్చింది. 1996లో గొప్ప రాజ్యాంగం వచ్చింది, అందులో 27వ సెక్షన్ వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అంది. సరిగ్గా ఆ ఏళ్లలోనే హెచ్‌ఐవి ఊళ్లకు ఊళ్లను చుట్టేసింది. అధ్యక్షుడిగా ఉన్న కాలంలో దీని మీద చేయాల్సినంత చేయలేదని మండేలాయే తర్వాత ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు వల్ల నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

1998 డిసెంబర్‌లో గుగు డ్లమిని అనే మహిళ తనకు హెచ్‌ఐవి ఉందని బహిరంగంగా చెప్పింది. కొద్ది రోజుల్లోనే డర్బన్ దగ్గర క్వామషులో ఆమెను కొట్టి చంపారు. అదే నెల 10న కేప్‌టౌన్‌లో జాకీ అహ్మత్, ఆయన మిత్రులు అందరికీ మందులు అందాలని పోరాడే ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంస్థ మొదలుపెట్టారు. గుగు హత్య తర్వాత వాళ్లు ఒక టీషర్టు అచ్చువేయించారు. దాని మీద పెద్ద అక్షరాలతో 'హెచ్‌ఐవి పాజిటివ్' అని ఉంటుంది. జబ్బు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ అదే తొడుక్కున్నారు. ఇక రాయి ఎవరి మీద వేస్తారు? ఇంత తేలికైన, ఇంత ధైర్యమైన ఆలోచన నేను ఇంకెక్కడా చూడలేదు.

జాకీ పదిహేనేళ్లు కూడా నిండకముందే, 1976 విద్యార్థి పోరాటంలో పోలీసుల చేతికి చిక్కినవాడు. మండేలా పార్టీ మనిషే. 1990లో తనకు హెచ్‌ఐవి ఉందని తెలిసింది. మందులు సంపాదించుకునే దారి ఉండి కూడా, సర్కారు ఆసుపత్రిలో పేదవాడికి ఇచ్చేదాకా తానూ వేసుకోనన్నాడు. ఒళ్లు పాడైపోతున్నా పట్టు వదల్లేదు. 2002లో మండేలా స్వయంగా ఆయన ఇంటికి వెళ్లి మందులు వేసుకోమని బతిమాలారు. అప్పుడూ వినలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఖయెలిత్షా బస్తీలోని క్లినిక్‌కు వెళ్లినప్పుడు మండేలా కూడా ఆ టీషర్టు తొడుక్కున్నారు.

అప్పటి అధ్యక్షుడు థాబో ఎంబెకి మాత్రం, ఎయిడ్స్‌కు కారణం ఆ వైరసేనా అని అనుమానించి, మందులు ఇవ్వడం ఆలస్యం చేశారు. ఆయన గురించి న్యాయంగా మాట్లాడాలి. తెల్లవాళ్ల పాలన నల్లవాళ్ల శరీరాల గురించి వందల ఏళ్లు నీచంగా మాట్లాడింది. మందుల కంపెనీల లాభాపేక్ష కూడా కట్టుకథ కాదు. చవక మందులకు వీలిచ్చే చట్టం మీద 39 కంపెనీలు కోర్టుకెక్కి, ప్రపంచమంతా తిట్టాక 2001 ఏప్రిల్‌లో వెనక్కి తగ్గాయి. ఎంబెకి గాయం నిజమైనదే. కానీ ఆ గాయంతో ఆయన తీసుకున్న నిర్ణయానికి మూల్యం చెల్లించింది ఆయన మనుషులే. ఆరోగ్య మంత్రి మాంటో షబలాలా మ్సిమాంగ్ వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమని చెప్పారు. 2000 నుంచి 2005 దాకా ఆ ఆలస్యం వల్ల 3,30,000 మందికి పైగా చనిపోయారని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్కగట్టారు.

2000 జులైలో డర్బన్‌లో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు జరిగింది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ మన కూలీలను దింపిన ఊరు అదే. ఆ వేదిక మీద పదకొండేళ్ల న్కోసి జాన్సన్ మైకు పట్టుకున్నాడు. పుట్టుకతోనే హెచ్‌ఐవి ఉన్న బిడ్డ, బక్కచిక్కిన ఒళ్లు. గర్భిణులకు ఏజెడ్‌టీ అనే మందు ఇవ్వండి, పిల్లలకు ఇది సోకకుండా చూడండి అని అడిగాడు. మాకూ చేతులున్నాయి, కాళ్లున్నాయి, మేం మీలాంటివాళ్లమే అన్నాడు. మరుసటి ఏడు జూన్ 1న చనిపోయాడు. అదే సదస్సులో జడ్జి ఎడ్విన్ కామెరాన్, మందులు కొనుక్కునే జీతం ఉంది కాబట్టే తాను బతికి ఉన్నానని చెప్పారు. పదవిలో ఉన్న జడ్జి ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలో మీరే ఊహించండి.

న్కోసి అడిగింది చివరికి కోర్టులో తేలింది. కాన్పు సమయంలో తల్లికి ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టిన బిడ్డకు కొన్ని చుక్కలు వేస్తే సోకే ప్రమాదం దాదాపు సగం తగ్గుతుంది. తయారీ కంపెనీ ఐదేళ్లు ఉచితంగా ఇస్తామంది. అయినా ప్రభుత్వం ఒక్కో రాష్ట్రంలో రెండేసి చోట్లకే పరిమితం చేసింది. తల్లుల నుంచి ఏటా 70,000 మంది పిల్లలకు సోకుతున్న కాలమది. మందు బీరువాలో ఉండగా చేతులు కట్టుకుని నిలబడాల్సిన డాక్టర్ల పరిస్థితి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 2002 జులై 5న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది: ఆ ఆంక్ష తీసేయాలి, అవసరమైన చోటల్లా మందు ఇవ్వాలి. అందుకు ఆధారం ఆ 27వ సెక్షనే.

తాము ఓటేసి గెలిపించిన సొంత పార్టీ ప్రభుత్వాన్ని కోర్టుకు లాగడం ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ వాళ్లకు తేలిక కాలేదు. ఇంట్లోవాళ్లే ద్రోహులన్నారు. సభల్లో మాత్రం వాళ్లు విముక్తి పోరాట కాలపు పాటలే పాడేవాళ్లు.

2003 ఆగస్టులో ప్రభుత్వం అందరికీ మందులివ్వడానికి ఒప్పుకుంది. అప్పుడే జాకీ కూడా మొదటి మాత్ర వేసుకున్నాడు. మన దేశంలో ఉచిత మందులు మొదలైంది 2004 ఏప్రిల్‌లో. ఇప్పుడు దక్షిణాఫ్రికాలో 50 లక్షల మందికి పైగా ఈ మందులు వాడుతున్నారు, ప్రపంచంలో ఇంత పెద్ద కార్యక్రమం ఇంకెక్కడా లేదు. మన హైదరాబాద్ కంపెనీల మాత్రలు కూడా ఆఫ్రికాకు వెళుతున్నాయి. 2025 జనవరిలో అమెరికా సాయం ఆగిపోయినప్పుడు అక్కడ కొన్ని క్లినిక్‌లు తలుపులు మూసుకున్నాయి. ఏ క్లినిక్‌లో మందు అందుతోందో, ఎక్కడ అందడం లేదో ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ మనుషులు ఇప్పటికీ తిరిగి చూస్తూనే ఉన్నారు. వాళ్ల ఒంటి మీద అదే టీషర్టు.