2021 నవంబరు వాన, మన చెరువుల లెక్క

అందరికీ నమస్కారం. తిరుపతి ఇటీవలి చరిత్ర గురించి మాట్లాడమన్నారు. 2003 అక్టోబరు 1న అలిపిరి పేలుడు, 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా విడిపోవడం, వీటి మీద పేపర్లలో కావలసినంత ఉంది. నేను 2021 నవంబరు వాన గురించే చెబుతాను. ఆ వానవి వీడియోలు మిగిలాయి గానీ, లెక్క మిగల్లేదు.

నవంబరు 18, 19 తేదీల్లో ఎట్లా కొట్టిందో మీలో చాలామందికి గుర్తే. కొండ మీదికి పోయే మెట్ల దారులు వాగులయ్యాయి. కపిలతీర్థంలో పాత మండపం దెబ్బతింది. శ్రీవారి మెట్టు దారి మళ్లీ తెరిచింది 2022 మేలో. డిసెంబరు 1న ఘాట్ రోడ్డు మీద బండలు పడ్డాయి. అందరి ఫోన్లలో తిరిగినవి ఇవే. కొండ కింద తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టున ఒక ఇల్లు ఉన్నట్టుండి వరదలోకి ఒరిగిపోయింది. ఆ వీడియో కూడా చూసే ఉంటారు. ఆ ఇల్లు నదికి ఎంత దూరంలో కట్టారని మాత్రం ఎవరూ అడగలేదు.

వాన తగ్గాక అసలు టెన్షన్ మొదలైంది. 21వ తేదీ ఆదివారం, రామచంద్రాపురం మండలంలో రాయల చెరువు కట్టకు లీకు కనబడింది. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి చెరువని చెప్పుకుంటాం. కట్ట తెగితే దిగువ పల్లెలు మునిగేవే. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. పసిబిడ్డల్ని ఎత్తుకుని, ఆవుల్ని తోలుకుని జనం ఎత్తు ప్రదేశాలకు పోయారు. ఇసుక బస్తాలు వేసి లీకు కట్టడి చేస్తూ, ఇంకోపక్క నీళ్లు కిందికి వదిలారు. కట్ట నిలబడింది. నన్నడిగితే ఆ నెలలో పెద్ద వార్త అదే. కానీ తెగని కట్టను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అదే వారంలో మన తిరుపతిలోనే ఎం.ఆర్.పల్లి వైపు ఇంకో వింత జరిగింది. ఒక ఇంట్లో నేలలో దించిన సిమెంటు రింగుల సంపును ఒకామె లోపలికి దిగి కడుగుతోంది. ఉన్నట్టుండి సంపు మొత్తం పైకి లేచింది! భయపడి బయటికి దూకిందామె. దేవుడి మహిమ అన్నవాళ్లున్నారు, భూకంపమన్నవాళ్లున్నారు. జరిగింది ఇది: వానకు భూమి నీళ్లతో నిండిపోయింది. సంపులో నీళ్లున్నంతసేపు ఆ బరువుకు అది కదల్లేదు. కడగడానికి తోడేశాక తేలికైంది, చుట్టూ ఉన్న నీళ్లు దాన్ని పైకి తోశాయి. ఖాళీ బిందెను తొట్టిలో ముంచి చూడండి, మీ చేతికే తెలుస్తుంది.

ఇక్కడే నా మాట. మన వైపు చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండి మొరవ పోతే, అంటే అలుగు మీదుగా పొర్లితే, ఆ నీళ్లు వంకలో పడి కింది చెరువు చేరాలి. ఏ తూము ఎప్పుడు తీయాలో నీరుగంటికి, అంటే చెరువు నీళ్లు చూసుకునే ఊరి మనిషికి, తెలిసేది. ఊరు పెరిగేకొద్దీ వంకలు సందులయ్యాయి, చెరువు అంచులు ప్లాట్లయ్యాయి. ప్లాటు కొన్నవాడిది తప్పని నేననను, వాడికి కాగితాలు చూపించే అమ్మారు. మొరవ నీళ్లకు ఆ కాగితాలు పట్టవు కదా! ఆ ఏడాది అక్టోబరులోనే వెస్ట్ చర్చి దగ్గర రైల్వే బ్రిడ్జి కింద చేరిన నీళ్లలో బండి ఇరుక్కుని, దర్శనానికొచ్చిన కొత్త పెళ్లికూతురు చనిపోయింది. నెల తిరక్కముందే నవంబరు వాన. నాలుగు చినుకులకే అక్కడ నీళ్లు నిలుస్తున్నప్పుడు, అంత పెద్ద వానకు ఆశ్చర్యపోవడం దేనికి?

అందుకని పిల్లలూ, మీకొక పని. మీ వీధిలో ఆ నవంబరులో నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో, ఎటు నుంచి వచ్చి ఎటు పోయాయో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మోకాళ్ల దాకానా, నడుము దాకానా, వాళ్లు చెప్పినట్టే రాసుకోండి. చెరువులు, వంకలు ఉన్న పాత గ్రామ పటం దొరికితే తెండి. రెండూ పక్కపక్కన గోడకు అంటిద్దాం. వచ్చే మీటింగులో నేను మాట్లాడను, మీరే చూపించాలి.