పాత జీపు గట్టిదా, దాన్ని బాగుచేసేటోడు గట్టోడా
(కర్నూల్లో జీపుల వాళ్ళం కలిసిన ఆదివారం మాట్లాడింది)

అన్నలకు, తమ్ముళ్ళకు, ఆ పక్కన థార్ తాళాలు చేతిలో పట్టుకోని కూర్చున్న అక్కకు, అందరికీ నమస్కారం. మైకు చేతికిచ్చి ప్రసంగం అంటాండారు గానీ నాకొచ్చేది గ్యారేజీ మాటే, అట్లే మాట్లాడతా, ఏమనుకోవద్దండి. నాకిచ్చిన టాపిక్ ఏమంటే, కొత్తగా మార్చి దించిన ఆఫ్‌రోడ్ బండ్లు పాతవాటంత గట్టివేనా అని. ఈడికొచ్చిన వాళ్ళల్లో సగం మంది ఆల్రెడీ తీర్పు చెప్పేసినారు, ఇందాక టీ దగ్గర విన్నా, "పాత ఇనుము పాత ఇనుమే అన్నా, ఇప్పుడొచ్చేవన్నీ డబ్బా రేకులు" అని.

ఈ గొడవ మన కర్నూలోళ్ళదే కాదు. 2019 సెప్టెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్ చూపించినప్పుడు ప్రపంచమంతా ఇదే రచ్చ. పాతది అట్లాంటిది ఇట్లాంటిది కాదు కదా, 1948లో ఆమ్‌స్టర్‌డాం మోటార్ షోలో మొదటి ల్యాండ్ రోవర్ పెట్టినారు, యుద్ధం అయిపోయిన కొత్తలో ఇంగ్లండులో ఉక్కుకు కరువు, అందుకని బాడీకి అల్యూమినియం వాడినారు, కింద మాత్రం బండిని మోసే ఇనుప చట్రం, అదే ఛాసీ. డిఫెండర్ అనే పేరు 1990లోనే పెట్టినారు గానీ మూలం అదే, 2016 జనవరి 29న సోలిహల్ ఫ్యాక్టరీలో ఆఖరి బండి బయటికొచ్చేదాకా ఆ వంశం నడిచింది, మొత్తం కలిపితే 20 లక్షల పైన. దాని తర్వాత వచ్చిన ఈ కొత్త డిఫెండర్‌లో విడిగా ఛాసీనే లేదు, ముందు వెనకా హౌసింగ్‌లు, అంటే రెండు చక్రాలను కలిపే గట్టి ఇరుసులు, లేవు, నాలుగు చక్రాలకూ దేనికది ఊగే ఇండిపెండెంట్ సస్పెన్షన్, తయారయ్యేది కూడా ఇంగ్లండులో కాదు, స్లోవేకియాలో నిత్రా అనే ఊర్లో. పాత అభిమానులకు మండిపోయింది, ఇది అడవికి పోయే బండి కాదు పిల్లోళ్ళను స్కూల్లో దించే బండి అన్నారు. జిమ్ రాట్‌క్లిఫ్ అని అక్కడి పెద్ద కోటీశ్వరుడైతే మాటలతో ఆగలా, పాతదాని మాదిరి బండి నేనే చేస్తా అని ఇనియోస్ గ్రెనేడియర్ చేయించినాడు, ఛాసీ, ముందు వెనకా గట్టి హౌసింగ్‌లు, ఇంజను మాత్రం బీఎండబ్ల్యూది. డబ్బులుంటే అలక కూడా ఆ రేంజిలో ఉంటుంది సామీ.

మన దగ్గర ఇదే కథ థార్‌తో జరిగింది. మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. 2010లో థార్ వచ్చింది, వెనక కమాన్ పట్టీలు, లోపల ఏమీ లేదు, వానొస్తే సగం వాన లోపలే. 2020 అక్టోబర్ 2న కొత్త థార్ దించినారు, పట్టీలు పోయి కాయిల్ స్ప్రింగులు, టచ్ స్క్రీను, ఆటోమేటిక్ గేర్లు, గట్టి టాప్. 2024లో ఐదు డోర్ల రాక్స్ వచ్చింది, దాంట్లో పెద్ద సన్‌రూఫ్ కూడా. జీపుకు సన్‌రూఫ్ ఏందప్పా అని తిట్టినోళ్ళే ఇప్పుడు బుక్ చేసి నెంబర్ కోసం తిరుగుతాండారు, పేర్లు చెప్పను, ఈడే ఉండారు.

సరే, యాడిదాకా పోగలదు అనే విషయంలో వాదనే అనవసరం, కొత్తవే గెలుస్తాయి. పాత డిఫెండర్ 500 మిల్లీమీటర్ల నీళ్ళల్లో దిగొచ్చు అనేవాళ్ళు, కొత్తది 900. గాలి సస్పెన్షన్ పైకి లేపితే కొత్త డిఫెండర్ 110 మోడల్ కింద 291 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది, బంపర్ తగలకుండా మిట్ట ఎక్కే కోణం ముందు 38 డిగ్రీలు, దిగే కోణం వెనక 40 డిగ్రీలు. థార్ మూడు డోర్లది లాంచ్ చేసినప్పుడు ముందు 41.8, వెనక 36.8, నీళ్ళు 650. మీ కమాండర్ జీపులో ఈ నెంబర్లు ఎవరన్నా కొలిచినారా? ఏమీ లేదు, పోతే పోయింది, లేకుంటే ట్రాక్టరుకు ఫోన్.

ఒక్క దగ్గర మాత్రం జాగ్రత్త. బండి పొడుగయ్యే కొద్దీ దిబ్బ మీద కడుపు తగులుతుంది. మూడు డోర్ల థార్ వీల్‌బేస్, అంటే ముందు చక్రానికి వెనక చక్రానికి మధ్య దూరం, 2450 మిల్లీమీటర్లు, రాక్స్ 2850, అందుకే నడుం దగ్గర కోణం 27 నుంచి 23.9కి పడింది. మారుతి జిమ్నీ కూడా అంతే, బయటి దేశాల మూడు డోర్లదానికి 28, మన ఐదు డోర్లదానికి 24. ఇంట్లో వాళ్ళు వెనక సీట్లో హాయిగా కూర్చోవాలంటే చెరువు కట్ట మీద ఆ మూడు నాలుగు డిగ్రీలు పోతాయి, రెండూ కావాలంటే ఎట్ల.

ఇప్పుడు గట్టిదనం. ఛాసీ లేకుంటే బండి గట్టిది కాదు అనేది మనోళ్ళకు వేదం మాదిరి అయిపోయింది. నిచ్చెన ఛాసీ ఉందనుకో, బాడీ దాని మీద బోల్టులతో కూర్చోని ఉంటుంది, ఒక చక్రం గుంతలో ఇంకోటి రాయి మీద ఉంటే ఛాసీ మెలితిరుగుతుంది, అందుకే పాత జీపుల్లో మిట్ట ఎక్కించి ఆపితే తలుపు పడదు, గమనించినారా ఎప్పుడన్నా? కొత్త డిఫెండర్‌లో బాడీ, ఛాసీ ఒకటే ముద్ద, అల్యూమినియంతో. మామూలు ఛాసీ బండ్ల కంటే మెలికకు మూడింతలు గట్టి అని కంపెనీ మాట. కంపెనీ మాట కదా అని కొట్టేయొద్దండి, 200 మిల్లీమీటర్ల గట్టుకు 40 స్పీడులో మళ్ళీ మళ్ళీ గుద్దించి చూసినారు, ఇరుక్కున్నప్పుడు లాగే హుక్కులను కూడా గట్టి గుంజుడుకు తట్టుకునేట్టు చేసినారు. ఒక విషయం మాత్రం నిజం, మెలితిరిగే ఛాసీ ఇంత ఇచ్చి మళ్ళీ సర్దుకుంటుంది, వంగితే వేడిచేసి తట్టి సరిచేస్తారు, అల్యూమినియం ముద్ద దెబ్బతింటే మన బళ్ళారి చౌరస్తాలో వెల్డింగ్ పెట్టేది కుదరదు. అయితే అది బాగుచేసే కథ, బలం కథ కాదు, రెండూ కలిపేస్తాండారు మనోళ్ళు.

హౌసింగ్ సంగతిలో మాత్రం నేను పాతోళ్ళ పక్కన సగం నిలబడతా. గట్టి హౌసింగ్ ఉంటే ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి నొక్కుకుంటుంది, మధ్యలో డిఫరెన్షియల్‌కు, అంటే రెండు చక్రాలకు పవర్ పంచే గేర్ల డబ్బాకు, నేలకు ఉన్న దూరం అట్లే ఉంటుంది. ఇండిపెండెంట్‌లో స్ప్రింగ్ నలిగితే కడుపు కూడా కిందికి వస్తుంది. రాళ్ళల్లో మెల్లిగా పోయేటోళ్ళకు అందుకే జిమ్నీ అంటే పిచ్చి, ముందు వెనకా హౌసింగే. థార్ మధ్యలో ఉండాది, ముందు ఇండిపెండెంట్, వెనక హౌసింగ్. అయితే మన రోడ్లు ఏమి? ఆదోని పోవాలంటే ముందు 80 స్పీడులో తారు రోడ్డు, తర్వాత గుంతలు, చివర రెండు కిలోమీటర్లు బండి బాట. ఆ 80 స్పీడులో హౌసింగ్ బండి ఎట్ల ఊగుతుందో నడిపినోళ్ళకు తెలుసు, నడుం నొప్పితో దిగి గట్టిది గట్టిది అంటాం.

రేగడి గురించి చెప్పకుండా దిగిపోతే ఆలూరు, ఆస్పరి వాళ్ళు ఊరుకోరు. ఈ షోరూములోళ్ళు చూపించే వీడియోలన్నీ ఇసుకలో, రాళ్ళల్లో, మంచులో, నల్లరేగడిలో ఒక్కటి చూపించమనండి. నాలుగు చినుకులు పడి ఆగినాక చేను బాటలో దిగితే టైరు గాడులన్నీ మూసుకుపోతాయి, పది అడుగులు పోయేసరికి మడ్‌గార్డు లోపల మన్ను గడ్డకట్టి చక్రమే తిరగదు. దీంట్లో రెండు చక్రాలను కలిపి తిప్పే లాకర్ ఉన్నా లేకున్నా మొదట చూడాల్సింది బరువు. జిమ్నీ 1200 కిలోల దగ్గర, థార్ టన్నున్నర పైమాట, డిఫెండర్ రెండు టన్నుల పైనే. బరువు బండి దిగబడితే నీ 900 మిల్లీమీటర్లు, 40 డిగ్రీలు అన్నీ బురదలోనే. రెండోది ఎలక్ట్రానిక్స్. చక్రం ఊరికే తిరుగుతుంటే ట్రాక్షన్ కంట్రోల్ ఏమి చేస్తుంది, పవర్ కట్ చేసి బ్రేకు వేస్తుంది, తారు రోడ్డు మీద అది దేవుడు, రేగడిలో మాత్రం చక్రం జోరుగా తిరిగితేనే గాడుల్లో మన్ను ఎగిరిపోయి కొత్త పట్టు దొరుకుతుంది, ఆ తిరిగేదాన్నే అది ఆపేస్తే ఇంక కదిలేది లేదు. డిఫెండర్‌లో బురద మోడ్ పెడితే ఆ స్లిప్ కొంచెం ఎక్కువ ఇస్తుంది, వేరేవాటిల్లో బటన్ నొక్కి ఆపాల్సి వస్తుంది. కొత్త బండి రేగడిలో పనికిరాదు అని తిట్టేవాళ్ళల్లో శానామంది ఆ బటన్ యాడుందో కూడా చూసుండరు. మూడు డోర్ల థార్ పై మోడళ్ళల్లో వెనక లాకింగ్ డిఫరెన్షియల్ ఉండాది కదా, అది మెకానికల్‌ది, ఒక చక్రం ఊరికే తిరిగేది చూసి తనంతట తనే పట్టుకుంటుంది, మన మట్టికి నాకు నచ్చిన సామాను అది. హంద్రీ ఇసుకలో అయితే ఇవేవీ వద్దు, టైర్లల్లో గాలి 18 పీఎస్ఐకి దించండి, సగం పని అయిపోతుంది. వచ్చేటప్పుడు మళ్ళీ ఎక్కించుకోండి, అట్లే హైవే ఎక్కొద్దు.

నీళ్ళ గురించి ఒక్క మాట. ఈ ఊర్లో ఉన్నోళ్ళకు 2009 అక్టోబర్ గుర్తు చెయ్యాల్సిన పని లేదు, తుంగభద్ర ఇండ్లల్లోకి వచ్చింది. బ్రోచర్‌లో 650, 900 అని రాసేది నిలబడిన నీళ్ళకు, పారే వంకకు కాదు. కొత్త బండికి తలుపులు, రబ్బర్లు అంత టైటుగా ఉంటాయి, నీళ్ళు లోపలికి రావు, రాకపోతే ఏమవుతుంది, బండి తేలుతుంది, చక్రాలకు పట్టు పోతుంది, పక్కనుంచి తోపుడు ఉంటే కొట్టుకపోతుంది. పాత జీపులో నీళ్ళు ఇటునుంచి వచ్చి అటు పోతాయి, దాని బరువు దానికి ఉంటుంది, అంతమాత్రాన దాన్ని దింపమని నేను చెప్పట్లే. వేడి హౌసింగ్ చల్లనీళ్ళల్లో దిగితే సీలు దగ్గర నీళ్ళు పీల్చుకుంటుంది, తర్వాత ప్లగ్ విప్పితే ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో వస్తుంది, అట్లే నడిపితే లోపలి పెద్ద గేర్లు, క్రౌను పినియను, గోవిందా. కొత్తదైనా పాతదైనా నీళ్ళల్లో దిగొచ్చినాక ఆ ప్లగ్ విప్పి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. మీలో అహోబిలం పోయినోళ్ళు శానామంది ఉంటారు. దిగువ అహోబిలం నుంచి పావన నరసింహస్వామి దగ్గరికి అడవిలో జీపులు పోతాయి చూడండి, అట్లే శ్రీశైలం నుంచి ఇష్టకామేశ్వరి అమ్మవారికి. రాళ్ళ మీద జనాలను కుక్కోని రోజూ తిరుగుతాయి. అందరూ చూపించేది వాటినే, చూడు పాత జీపు ఎంత గట్టిదో అని. అప్పా, నేను గ్యారేజీలో ఉండి చెప్తాండా, అవి ఇరగని రోజు తక్కువ. కమాన్ పట్టీ ఇరుగుతుంది, బుష్షులు పోతాయి, క్రాస్ జాయింట్ పోతుంది, ఛాసీకి పగులొస్తే ప్లేటు పెట్టి వెల్డింగ్ కొడతారు. గొప్పతనం యాడుందంటే, సాయంత్రం ఇరిగింది పొద్దున్నే మళ్ళీ తిరుగుతుంది, పట్టీ ఆళ్ళగడ్డలోనే దొరుకుతుంది, బిగించేది డ్రైవరే. మనం డెబ్బై ఏండ్ల నుంచి జీపు గట్టిది అనుకుంటా వచ్చింది ఆ డ్రైవరు చేతుల్ని చూసి, ఆ లేత్ షాపుల్ని చూసి.

కాబట్టి కొత్త బండి గురించి గొణిగే వాళ్ళు ఇనుము గురించి గొణగడం ఆపి ఆ చేతుల గురించి అడగాలి. కొత్త థార్‌కు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళ గుద్దుడు పరీక్షలో 4 స్టార్లు వచ్చినాయి, రాక్స్‌కు భారత్ ఎన్‌క్యాప్‌లో 5. పాత జీపులో గుద్దుకుంటే స్టీరింగ్ రాడ్డే ఛాతీలోకి వచ్చేది, ఆ గట్టిదనాన్ని గురించి ఎవరూ పాటలు పాడరు. మనిషిని కాపాడేదాంట్లో కొత్తది గట్టిది, ఇరగకుండా ఉండేదాంట్లో కూడా కొత్తదే. ఇరిగినాక మాత్రం, ఏదో సెన్సర్ వైరు ఎలుక కొరికి ఆత్మకూరు అడవిలో బండి లింప్ మోడ్‌లో, అంటే పవర్ తగ్గించుకోని పాకే తీరులో, పడితే బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ యాడుండాది, అది చూడటం వచ్చిన పిల్లోడు యాడుండాడు? గాలి సస్పెన్షన్ బ్యాగ్ లీకైతే స్పేర్ ఎన్నిరోజులకు వస్తుంది?

షోరూంకు పోయినప్పుడు నీళ్ళ లోతు వాళ్ళే చెప్తారు, అడగొద్దు. చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ ఇప్పుడు మీ స్టాకులో ఉందా, ధర ఎంత, కర్నూల్లోనే మారుస్తారా హైదరాబాద్ పంపిస్తారా అని అడగండి. స్టెపినీ నిజం టైరేనా, లేక పంక్చర్ కిట్ పెట్టినారా చూడండి. కింద పండుకోని చూడండి, డీజిల్ ట్యాంకుకు, నాలుగు చక్రాలకు పవర్ పంపే ట్రాన్స్‌ఫర్ కేసుకు రాళ్ళు తగలకుండా ప్లేటు ఉందా, ఉంటే ఇనుమా ప్లాస్టిక్కా. తెల్లచొక్కా వేసుకోని పోవద్దు, అంతే. మన పిల్లోళ్ళు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసినోళ్ళు ఉంటే ఒక ఓబీడీ స్కానర్ కొనుక్కోని వైరింగ్ డయాగ్రం చదవటం నేర్చుకోండి, నా దగ్గరికి రండి, నాకు తెలిసినంత నేను చూపిస్తా, నాకు రానిది మీరు నేర్చుకోని నాకు చెప్పండి.

నేను శానాసేపు తినేసినా టైము. బయట అన్నవాళ్ళు రెండు బండ్లు ర్యాంపు మీద పెట్టినారు, ఒకటి పాత మహీంద్రా 540 జీపు, ఒకటి కొత్త థార్, ఏది ఎంత మెలితిరుగుతుందో తలుపులు తీసి మూసి మీరే చూడండి. పోయేముందు వెనక వరసలో తమ్ముడు ఎలక్ట్రిక్ జీపు గురించి ఏదో అడగబోయినాడు ఇందాక, లేచి గట్టిగా అడుగప్పా.