కోస్టా స్మెరాల్డా: కోటీశ్వరుల తీరంలో మనమూ తువ్వాలు పరచుకోవచ్చు

[దృశ్యం: డ్రోన్ షాట్. గులాబీ రంగు గ్రానైట్ బండలు, వాటి మధ్య పచ్చగా మెరిసే నీళ్లు]

నమస్కారమండీ. మీరు చూస్తున్నది ఇటలీలోని సార్డీనియా దీవి, ఈశాన్య కొస. దీన్ని కోస్టా స్మెరాల్డా అంటారు. ఆగస్టులో ఇక్కడి పెద్ద హోటళ్లలో ఒక్క రాత్రి పడుకోవాలంటే వేల యూరోలు పెట్టాలి. యూరో అంటే వంద రూపాయల దరిదాపు, లెక్క మీరే వేసుకోండి.

మరి అంత డబ్బు దేనికి పోస్తున్నారు? నన్నడిగితే, కట్టడాలేవీ కళ్లకు అడ్డం రాని తీరానికి. ఆ తీరంలో స్నానం చేసే హక్కు మీకూ నాకూ కూడా ఉంది. ఈ వీడియోలో నేను చెప్పాలనుకున్నది ఇదే.

[దృశ్యం: పొదలు, గాలికి ఒక పక్కకు వంగిన జునిపెర్ చెట్లు, దూరంగా మేకలు]

ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని మోంటి ది మోలా అనేవాళ్లు. మేకలు కాసుకునే కుటుంబాలు కొన్ని ఉండేవి, అంతే. ఒడ్డున పంట పండదు కాబట్టి మంచి పొలాలు మగపిల్లలు పంచుకుని, సముద్రం పక్క రాళ్ల నేలను ఆడపిల్లలకు వదిలేసేవారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. తర్వాత కోట్లు పలికింది ఆ రాళ్ల నేలే.

దీవి తీరం అలా ఖాళీగా ఉండటానికి ఇంకో పెద్ద కారణం మలేరియా. 1897లో సికింద్రాబాద్‌లో, మన బేగంపేటలో, రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించాడు కదా. ఆ జ్వరమే సార్డీనియాను తరతరాలుగా పీడించింది. 1946 నుంచి 1950 దాకా రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అండతో దీవి మొత్తం డీడీటీ చల్లారు. దోమ జాతి పూర్తిగా పోలేదు గానీ మలేరియా పోయింది. అది పోకపోతే ఈ హోటళ్లూ లేవు, ఈ వీడియో కూడా లేదు.

[దృశ్యం: పోర్టో చెర్వో రేవు, వరసగా యాచ్‌లు]

1962లో రంగంలోకి దిగింది ప్రిన్స్ కరీం, అంటే ఇస్మాయిలీ ముస్లింల మతగురువు నాలుగో ఆగా ఖాన్. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. శంషాబాద్ వైపు ఆగా ఖాన్ అకాడమీ చూసే ఉంటారు, ఆ ఆగా ఖానే. 2025 ఫిబ్రవరిలో పోయారు. కొంతమంది మదుపరులతో కలిసి ఒక సంఘం పెట్టి, కొన్న భూమికి ముందే కట్టుబాట్లు రాయించారు. ఏ ఇల్లు కట్టాలన్నా ప్లాన్ ఆర్కిటెక్టుల కమిటీ చూడాలి. కొండను మించి ఎత్తు లేవకూడదు. రంగులు చుట్టూ ఉన్న రాయిలో, మట్టిలో కలిసిపోవాలి. డబ్బున్నవాడు తన ఇష్టం వచ్చినట్టు కట్టుకోవడానికి ఇక్కడ వీల్లేకుండా చేశారు. ఈ ఒక్క పనికి ఆయనకు దండం పెట్టాలి.

[దృశ్యం: కాలా ది వోల్పే హోటల్, మెల్లగా దగ్గరికి]

ఈ హోటల్ చూడండి, కాలా ది వోల్పే. ఫ్రెంచి ఆర్కిటెక్ట్ జాక్ కుయెల్ గీశాడు. గోడ ఎక్కడా తిన్నగా ఉండదు. మూలలు నున్నగా ఒంపు తిరిగి ఉంటాయి, గార చేత్తో మెత్తినట్టు గరుకుగా ఉంటుంది. ఎప్పటి నుంచో ఉన్న జాలరి పల్లె అనుకుంటాం, నిజానికి అరవై ఏళ్ల పైచిలుకు వయసంతే. 1977 నాటి జేమ్స్ బాండ్ సినిమా ఇక్కడ తీశారు. 2012 నుంచి ఇక్కడి ప్రధాన హోటళ్లు, రేవు ఖతార్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ చేతిలో ఉన్నాయి.

[దృశ్యం: మట్టిదారిలో నడక, పొదలు దాటగానే స్పియాజా దెల్ ప్రిన్చిపె]

ఇప్పుడు అసలు సంగతి. ఇటలీలో సముద్రపు ఒడ్డు ప్రభుత్వ ఆస్తి. హోటల్‌వాళ్లకో గొడుగులవాళ్లకో దొరికేది లైసెన్సే. నీటి అంచు దాకా నడిచి వెళ్లడానికి, స్నానానికి దిగడానికి డబ్బు అడిగే హక్కు వాళ్లకు లేదు. గొడుగు, పడక కుర్చీ కావాలంటేనే అద్దె.

ప్రిన్చిపె అంటే ప్రిన్స్. ఈ బీచ్ ఆగా ఖాన్‌కు ఇష్టమైనదట, ఆ పేరు అలా వచ్చిందే. కారు పైన ఆపి, మట్టిదారిలో కాసేపు దిగాలి. మధ్యలో బండల గుట్ట, దానికి అటూ ఇటూ నెలవంకలా ఇసుక. నీళ్లు నడుం దాకా వచ్చినా కాలివేళ్లు కనిపిస్తాయి. తాగునీళ్లు, తినడానికి ఏమైనా మీరే తెచ్చుకోండి. మీ పక్కన తువ్వాలు పరచుకున్న మనిషి యాచ్‌లో వచ్చాడో, బస్సులో వచ్చాడో ఆ ఇసుకకు పట్టదు.

[దృశ్యం: ఒడ్డున గోధుమరంగు ఆకుల కుప్ప, క్లోజప్]

ఒడ్డున ఈ కుప్పలు చూసి చాలామంది చెత్త అనుకుంటారు. ఇది పొసిడోనియా. నాచు కాదు, పూలు పూసే మొక్క, ఈ జాతి మధ్యధరాలో తప్ప ఎక్కడా పెరగదు. రాలిన ఆకులు ఒడ్డుకు చేరి అలల దెబ్బ కాస్తాయి, ఇసుక కొట్టుకుపోకుండా ఆపుతాయి. వీటి పీచు అలల్లో దొర్లీ దొర్లీ కొబ్బరిపీచు ఉండల్లా తయారవుతుంది, ఇదిగో. నీళ్లు ఇంత తేటగా ఉండటంలో ఈ మొక్కకు పెద్ద వాటా ఉంది. శుభ్రం పేరుతో వీటిని ఎత్తించమని అడిగే అతిథులంటే నాకు బాధ.

పక్కనే మద్దలేనా దీవులున్నాయి. పలావు రేవు నుంచి పడవలో చిన్న ప్రయాణం. అక్కడి బుదెల్లి దీవిలో గులాబీ ఇసుక ఉంది. ఎర్రని సూక్ష్మజీవుల గుల్లలు నలిగి కలిసి ఆ రంగు వచ్చింది. జనం గుప్పిళ్లకొద్దీ పట్టుకుపోతుంటే 1990ల్లో ఆ బీచ్‌లో అడుగుపెట్టడమే మాన్పించారు. దూరం నుంచి చూడాల్సిందే. సార్డీనియాలో ఎక్కడైనా సరే ఇసుక, గులకరాళ్లు, గవ్వలు తీసుకెళ్తే 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా. పిల్లల జేబులు విమానాశ్రయానికి బయల్దేరే ముందే దులపండి.

[దృశ్యం: సాన్ పాంతలేయో ఊరు, వెనక గ్రానైట్ కొండ]

ఎప్పుడు వెళ్లాలి? ఆగస్టు వద్దు. నెల మధ్యలో ఇటలీ మొత్తం సెలవులో ఉంటుంది. ధర, జనం రెండూ నెత్తికెక్కుతాయి. జూన్ మొదట్లో గానీ సెప్టెంబరులో గానీ వెళ్లండి. సెప్టెంబరులో సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. వాయవ్యం నుంచి మాయెస్త్రాలె గాలి వీచే రోజు మాత్రం కొండ చాటున, తూర్పుకు తిరిగిన బీచ్ వెతుక్కోండి.

బస సాన్ పాంతలేయోలోనో అర్జకేనాలోనో చూడండి, తీరానికి కారులో దగ్గరే. కాలా ది వోల్పేలో ఉండగలిగితే ఉండండి, ఆ గోడలు చూడదగ్గవే. మాంసం లేని వంటకం కావాలంటే కులుర్జొనెస్ అడగండి: ఆలుగడ్డ, గొర్రెపాల చీజ్, పుదీనా పెట్టి అంచులు జడలా అల్లిన, కజ్జికాయల్లాంటి వంటకం. చివర్లో సెయాదాస్, అంటే చీజ్ పెట్టి వేయించి పైన తేనె పోసిన తీపి వంటకం.

వీసా షెంగెన్, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది. పెద్దలకు రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా ఉండాలి. వేలిముద్రలు హైదరాబాద్‌లోనే ఇవ్వొచ్చు. సెప్టెంబరులో వెళ్లేవాళ్లు అపాయింట్‌మెంట్ వేసవిలోనే పట్టేయండి, తర్వాత తేదీలు దొరకడం కష్టం.