ఎనిమిది రేసుల్లో ఏ ఒక్కటి?

శ్రోతలకు నమస్కారం.

వారాంతం వస్తుందంటే గుర్రపు పందేల ముచ్చట మొదలవుతుంది. చేతిలో రేసుకార్డు ఉన్నవాళ్ళను అందరూ అడిగేది ఒక్కటే: "ఏది గెలుస్తదే?" అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఏ రేసు మన లెక్కకు అందుతుంది? ఆదివారం మలక్‌పేటలో ఏడెనిమిది రేసులుంటే అందులో ఐదారు చూసి ఆనందించడానికే తప్ప డబ్బు పెట్టడానికి పనికిరావు. మిగిలిన ఒకటి రెండు ఏవో ఎట్లా తేల్చాలి, తేలినంక కూడా ఎంత ధర, అంటే గెలిస్తే వందకు ఎంత తిరిగి వస్తేనే పందెం కాయాలి, ఇవాళ్టి ప్రసంగం దాని గురించే.

హైదరాబాద్ రేసులకు పాత చరిత్ర ఉంది. మౌలాలిలో జరిగే పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మలక్‌పేటకు మార్పించాడు. ఇక్కడ రెండు కాలాలు: జూలై నుంచి వానాకాలం రేసులు, నవంబరు నుంచి చలికాలం రేసులు. వానాకాలానికి డెక్కన్ డెర్బీ పెద్ద రేసు, చలికాలానికి గోల్కొండ డెర్బీ. అన్నీ ఫ్లాట్ రేసులే, అంటే దూకే కంచెలూ గోతులూ ఉండవు. గేటు తెరుచుకున్న దగ్గర నుంచి గెలుపు స్తంభం దాకా చదును పచ్చిక మీద పరుగే. హన్మకొండ నుంచి పోయేవాళ్ళు బస్సులో ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కితే మలక్‌పేట ఆ పక్క స్టేషనే.

ఇక కార్డు తెరుద్దాం. ప్రతి రేసు పైన దూరం, తరగతి రాసి ఉంటాయి. మొదట కొట్టేయాల్సినవి, ఇంతవరకు పరుగెత్తని రెండేళ్ళ, మూడేళ్ళ పిల్లగుర్రాల రేసులు. అక్కడ చదవడానికి చరిత్రే లేదు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, పొద్దున సాధనలో ఎట్లా కదిలింది అన్నవే ఆధారాలు, అవీ లాయం లోపలివాళ్ళకు తెలిసినంత మనకు తెలియవు. తర్వాత, నాలుగైదు గుర్రాలే ఉండి అందులో ఒకటి మరీ బలమైనదైతే అదీ వదిలేయండి. గెలుపు ఖాయంగానే కనిపిస్తుంది, కానీ వచ్చే ధర ఏమీ ఉండదు. ఎందుకో కాసేపట్లో లెక్కేసి చూపిస్తాను.

మనకు పనికొచ్చేది హ్యాండిక్యాప్ రేసు. గుర్రాలన్నీ కనీసం ఆరేడు సార్లు పరుగెత్తి ఉండాలి, దూరం వాటికి అలవాటైనదై ఉండాలి. హ్యాండిక్యాప్ అంటే మంచి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ బరువు కట్టి, అన్నీ ఒకేసారి స్తంభం చేరేటట్టు చూడటం. ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఉంటుంది. మనదేశంలో ఒక పాయింటుకు అర కిలో. పది పాయింట్ల తేడా ఉంటే మోసే బరువులో ఐదు కిలోల తేడా. గెలిస్తే పాయింట్లు పెరుగుతాయి, ఓడుతూ పోతే తగ్గుతాయి.

బరువును దూరంలోకి మార్చడం వస్తే సగం పని అయినట్టే. గుర్రం ముక్కు నుంచి తోక దాకా ఉన్న కొలతను లెంగ్త్ అంటారు, సుమారు రెండున్నర మీటర్లు. పరుగులో అది సెకనులో ఆరో వంతు. వెయ్యి మీటర్ల రేసులో ఒక లెంగ్త్ తేడా తేవడానికి ఒకటిన్నర కిలోలు దాకా కావాలి. పదహారు వందల మీటర్లలో కిలో కంటే కొంచెం తక్కువ చాలు. రెండు వేల నాలుగు వందలకు వస్తే ముప్పావు కిలో లోపే. ఇది ధర్మకాటా తూకం కాదు, చేతి అంచనా. మెత్తటి నేలలో బరువు ఇంకా ఎక్కువ బాధిస్తుంది.

ఉదాహరణకు ఒక రేసు ఊహిద్దాం. దూరం 1200 మీటర్లు, రేటింగ్ 40 నుంచి 65, పది గుర్రాలు. ఒకటో నంబరు గుర్రం మూడు వారాల కింద ఇదే దూరంలో 56 కిలోలు మోసి గెలిచింది. అప్పుడు అర లెంగ్త్ వెనక వచ్చింది ఐదో నంబరు, అది మోసింది 54.5 కిలోలు. గెలిచినదానికి 8 పాయింట్లు పెంచారు, అంటే 4 కిలోలు, ఇప్పుడు దాని మీద 60. రెండోదానికి ఒక్క పాయింటే పెరిగింది, ఇప్పుడు 55. రెండింటి మధ్య మూడున్నర కిలోలు మారిపోయాయి. 1200 మీటర్లలో అది రెండున్నర లెంగ్తుల దాకా వస్తుంది. పోయినసారి అర లెంగ్త్ ఓడింది కదా, దాన్ని తీసేస్తే ఐదో నంబరు ఇప్పుడు కాగితం మీద రెండు లెంగ్తులు ముందుంది. జనం మాత్రం ఒకటో నంబరు పేరు పక్కన పోయిన రేసు గెలుపును చూపే "1" అనే అంకె చూసి దానిమీదే పడతారు. మనకు కావాల్సిన రేసు ఇటువంటిదే.

అంతటితో కార్డు మూయొద్దు, మూడు సంగతులు చూడాలి. మొదటిది జాకీ. ఒకటో నంబరు మీద కొత్తగా నేర్చుకునే అప్రెంటిస్ జాకీని పెట్టారనుకోండి, అతనికి మూడు కిలోల రాయితీ ఉంటే పెంచిన నాలుగులో మూడు వెనక్కి పోయినట్టే. మన లెక్క మొత్తం కూలిపోతుంది. ట్రైనర్లు అప్రెంటిస్‌ను ఊరికే పెట్టరు. రెండోది, పోయిన రేసు ఎట్లా నడిచింది. ముందు పరుగెత్తే గుర్రం ఒక్కటే ఉంటే దానికి పోటీ లేక నింపాదిగా పోయి గెలుస్తుంది. ఈసారి ముందుకు దూకేవి మూడున్నాయంటే అవి ఒకదాన్నొకటి తినేసుకుంటాయి, వెనక నుంచి వచ్చేది లాభపడుతుంది. మూడోది నేల.

వానాకాలంలో అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచేది నేలే. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతుకు తేమ సంగతి చెప్పక్కర్లేదు. ఎనిమిది శాతం తేమకు ఒక ధర, పన్నెండు దాటితే కొనేవాడే వెనక్కి జరుగుతాడు. పచ్చికకు కూడా అట్లాంటి కొలత ఉంది. పెనెట్రోమీటర్ అనే ఇనుప చువ్వ మీద బరువు వదిలి అది నేలలోకి ఎంత దిగిందో చూస్తారు. అంకె పెరిగిన కొద్దీ నేల మెత్తన. రేసు రోజు పొద్దున ఈ అంకె ప్రకటిస్తారు. గుర్రం గత రేసులు ఏ అంకె మీద పరుగెత్తిందో చూసి పోల్చండి. గట్టి నేల మీద 1200 మీటర్లు ఒక నిమిషం పన్నెండు సెకన్లలో తిరిగిన గుర్రం, బురదలో డెక్క జారుతుంటే అడుగు పొడుగ్గా వేయలేదు. శనివారం రాత్రి హైదరాబాద్‌లో గట్టి వాన పడితే శుక్రవారం రాసుకున్న ఎంపికలు చింపేసి మళ్ళీ మొదలుపెట్టాలి. అట్లా చేసేవాళ్ళు తక్కువ. రాసుకున్నదాని మీద మమకారం పోదు.

పొద్దుటి సాధన వివరాలు కూడా పత్రికల్లో వస్తాయి. "600 మీటర్లు 39 సెకన్లు, హాయిగా కదిలింది" అని ఉంటుంది. ఇందులో సెకన్ల కంటే మాట ముఖ్యం. 39 సెకన్లు హాయిగా వచ్చిందంటే మంచి సూచన. అదే 38 సెకన్లు తరిమితే వచ్చిందంటే అంత గొప్ప కాదు. వీపు మీద ఉన్నది 50 కిలోల జాకీయా, 65 కిలోల సాధన కుర్రాడా అన్నది కూడా తేడా చేస్తుంది. జతగా పరుగెత్తిన గుర్రం పై తరగతిదై, మనది దానితో సమంగా వచ్చిందంటే ఆ ఒక్క వాక్యానికి విలువ ఉంది. మిగతావి చాలావరకు నింపుడు.

ఇప్పుడు ధర సంగతి. గుర్రపు పందెం నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో లక్ష్మణన్ కేసులో చెప్పింది. చట్టం నేర్పు అన్నా పన్ను మాత్రం కనికరించలేదు. ఇంతకు ముందు పందెం పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. అంటే వంద రూపాయల పందేనికి మీ జేబులోంచి పోయేది నూట నలభై. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, టికెట్ ఓడినా పన్ను తప్పదు.

ఇందాక వదిలేయమన్న బలమైన గుర్రం దగ్గరికి రండి. వందకు నూట యాభై ఇస్తుందనుకుందాం. గెలిస్తే మీకు మిగిలేది పది రూపాయలు, ఓడితే పోయేది నూట నలభై. పదిహేను సార్లలో పద్నాలుగు సార్లు గెలిస్తే గానీ పెట్టుబడి తిరిగి రాదు. ఎక్కడైనా ఫేవరెట్ గుర్రాలు, అంటే జనం ఎక్కువ డబ్బు పెట్టినవి, గెలిచేది మూడింట ఒక వంతుకు అటూ ఇటూగానే. ఇంక లెక్క మీరే చూసుకోండి.

మన ఐదో నంబరుకు వద్దాం. అన్నీ చూసి, పదిసార్లలో మూడుసార్లు గెలిచే సత్తా ఉందని తేల్చారనుకుందాం. నూట నలభైని మూడుతో భాగించి పదితో హెచ్చించండి, సుమారు 467 వస్తుంది. వందకు 467 కంటే ఎక్కువ ఇస్తేనే ఆ పందెంలో అర్థం ఉంది. బోర్డు మీద 350 చూపిస్తుంటే గుర్రం మంచిదే, పందెం చెడ్డది. చాలామంది ఇక్కడే తప్పుతారు. గుర్రం మీద నమ్మకం, ధర మీద నమ్మకం రెండూ ఒకటే అనుకుంటారు. టోట్‌లో, అంటే అందరి పందేల డబ్బు పోగేసి గెలిచినవాళ్ళకు పంచే పద్ధతిలో, ఇంకో చిక్కు, మీరు టికెట్ కొన్నప్పుడు కనిపించిన ధర ఆఖరిది కాదు. గేటు తెరిచేదాకా డబ్బు పడుతూనే ఉంటుంది, ధర మారుతూనే ఉంటుంది. అందుకే వీలైనంత ఆఖర్లో కొనాలి.

ప్లేస్ పందెం భద్రం అనుకునేవాళ్ళున్నారు. ఎనిమిది, అంతకు మించి గుర్రాలుంటే మొదటి మూడింటిలో వచ్చినా డబ్బొస్తుంది. కానీ పదికి ఆరుసార్లు వచ్చే గుర్రానికి కూడా వందకు 233 దాటి రావాలి. ప్లేస్‌లో అంత ధర ఎప్పుడో గానీ దొరకదు. ఈ పన్ను వచ్చాక ప్లేస్ పందెం పని అయిపోయిందనే చెప్పాలి.

మొదటి రెండింటిని వరుసగా చెప్పేది ఫోర్‌కాస్ట్, వరుస లేకుండా చెప్పేది క్వినెల్లా, మొదటి మూడింటిని వరుసగా చెప్పేది తనాలా. ఐదు రేసుల విజేతలను వరుసబెట్టి చెబితే జాక్‌పాట్. రేసుకు రెండేసి గుర్రాలు రాస్తే ముప్పై రెండు కలయికలు. పది రూపాయల టికెట్ అయితే 320, పన్నుతో 448. మూడేసి రాస్తే కలయికలు 243కు ఎగబాకుతాయి, పన్నుతో కలిపి మూడు వేల నాలుగు వందలు. ఐదింటిలో నాలుగు కొట్టి ఒకటి తప్పితే జాక్‌పాట్‌లో పెద్ద వాటా పోయినట్టే. ఐదు రేసుల మీద గట్టి అభిప్రాయం ఉండే వారాంతం ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది?

గెలిస్తే ఆదాయపు పన్ను ముప్పై శాతం వేరే. గెలుపు పదివేలు దాటితే అక్కడే కోసుకుని ఇస్తారు. ఓడిన పందేల నష్టాన్ని ఈ గెలుపులోంచి తీసి చూపడానికి వీల్లేదు.

ఓరుగల్లులో, కరీంనగర్‌లో ఫోన్ మీద పందెం రాసుకునేవాళ్ళ గురించి ఒక్క మాట. మన గేమింగ్ చట్టం మినహాయింపు ఇచ్చింది రేసు రోజున, రేసుకోర్సు లోపల, అనుమతి ఉన్న ఆవరణలో వేసే పందేనికే. చౌరస్తాలో రాయించుకున్న చీటీ నేరం, గెలిచినా డబ్బు అడిగే హక్కు లేదు. ఇక "పక్కా సమాచారం అన్నా, లోపలి మనిషి చెప్పిండు" అని మెసేజ్ పెట్టేవాడి కిటుకు సులువు. ఎనిమిది మందికి ఎనిమిది గుర్రాలు చెబుతాడు. ఒకరికి గెలుస్తుంది. ఆ ఒక్కరే వచ్చే వారం పైసలు పంపుతారు.

కోర్సుకు పోయినవాళ్ళు టికెట్ కిటికీ కంటే ముందు ప్యాడక్ దగ్గర, అంటే రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపే చోట నిలబడాలి. పది నిమిషాల చూపు పనికొస్తుంది. చర్మం మెరుస్తూ, చెవులు ముందుకు పెట్టి, పొడుగు అడుగు వేస్తున్నది బాగున్నట్టు. వెనక కాళ్ళ మధ్య తెల్లటి నురగ కడుతుంటే, పదేపదే తల ఎగరేస్తుంటే దాని శక్తి అక్కడే కరిగిపోతోంది. ఎండ కాసే రోజు అన్నిటికీ చెమటే, కాబట్టి పక్కవాటితో పోల్చి చూడండి. మొదటిసారి కళ్ళకు గంతలు, అంటే బ్లింకర్లు కట్టిన గుర్రాన్ని గుర్తుపెట్టుకోండి. పక్కచూపులు చూసి వేగం తగ్గించే గుర్రం గంతలతో బుద్ధిగా పరుగెత్తొచ్చు. ఒక్కోసారి బెదిరి మొదట్లోనే శక్తంతా పారబోసుకుంటుంది కూడా. ఐదో నంబరు కాలు కొంచెం తీసి తీసి వేస్తుంటే పైన వేసిన లెక్కలన్నీ పక్కన పెట్టి టీ తాగడానికి పోవచ్చు.

రేసు అయ్యాక తొందరపడి టికెట్ పారేయొద్దు. జాకీలు జీనుతో సహా మళ్ళీ తూకం ఎక్కుతారు. బరువు తక్కువుంటే గెలిచిన గుర్రమైనా పోతుంది. ఒకరి దారికి ఒకరు అడ్డొచ్చారని అభ్యంతరం లేస్తే రేసు తీర్పు చెప్పే స్టివార్డులు వీడియో చూసి స్థానాలు మారుస్తారు. ఫోటో తీర్పు వేరే ఉంటుంది. "ఆల్ క్లియర్" అని మైకులో వినిపించేదాకా రెండో స్థానం టికెట్ కూడా జేబులోనే ఉండాలి. కాళ్ళకింద చింపిన కాగితాల్లో వెతుక్కునేవాళ్ళు ప్రతి ఆదివారం కనిపిస్తారు.

నమస్కారం.