మూడేళ్ల పిల్లకు సొంత గొడుగు: వేళ్లు నలగనివ్వని ఆ గొట్టం కోసమే ఈ రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ పిల్లల గొడుగు కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులు తీసుకోలేదు. బరువు, కొలతలు, ధర మీరు ఈపాటికి చూసే ఉంటారు, లింకు కింద ఉంది, వాటి జోలికి వెళ్లను. మూడేళ్ల పిల్ల దీన్ని తనంతట తానే తెరవగలదా, తానే మూయగలదా? నేను చూసింది ముఖ్యంగా అదే.

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. కర్ర మీద పైకీ కిందికీ జారే ఈ గొట్టం చూడండి. పుల్లలన్నీ వచ్చి కలిసేది ఇక్కడే. మామూలు గొడుగులో ఇది సన్నటి రేకు గొట్టం, దాని కింద ఒక స్ప్రింగ్ మీట. మూసేటప్పుడు బొటనవేలితో మీట నొక్కి, అదే చేత్తో గొట్టాన్ని కిందికి లాగాలి. మీటకీ రేకుకీ మధ్య చర్మం ఇరుక్కుందంటే పెద్దవాళ్లమే అబ్బా అంటాం. ఒక్కసారి నలిగితే చాలు, పిల్లలు ఇక గొడుగు ముట్టుకోరు.

ఇందులో ఆ మీటే లేదు. గొట్టం లావుగా, నున్నగా ఉంది. పైఅంచు వెడల్పుగా చేశారు, వేళ్లు జారినా పుల్లల మధ్యకి వెళ్లవు. పైకి గట్టిగా తోస్తే టక్కుమని ఆగుతుంది, కిందికి గట్టిగా లాగితే వదిలేస్తుంది, అంతే. మా పాప ఆ టక్కు శబ్దం కోసమే మళ్లీ మళ్లీ తెరుస్తోంది. ఈ ఒక్క గొట్టం తయారుచేసిన వాళ్లకి దండం పెట్టాలనిపించింది, నిజంగా.

మా ఇంట్లో ఇంతకుముందు ఉన్నది బటన్ గొడుగు, పేరు వద్దులెండి. బటన్ నొక్కితే ఫట్‌మని తెరుచుకునేది. పాప దాన్ని సరిగ్గా మొహం ముందు పెట్టుకుని నొక్కేది, నాకు ఒకటే టెన్షన్. దానికంటే నాకు నచ్చని సంగతి ఇంకోటుంది. తెరిచే పనంతా స్ప్రింగే చేసేస్తుంది. మూయాలంటే మళ్లీ ఆ స్ప్రింగ్‌కి ఎదురు లాగాలి, అంత బలం ఆ చిన్న చేతులకి ఉండదు. అంటే పిల్లకి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. తోసి తెరిచే గొడుగులో ఒక చెయ్యి కర్రని పట్టుకోవాలి, రెండోది గొట్టాన్ని నడపాలి. రెండు చేతులూ ఒకేసారి వేర్వేరు పనులు చేయాలన్నమాట. చొక్కా గుండీలు పెట్టుకోవాలన్నా, కత్తెరతో కాగితం కత్తిరించాలన్నా కావాల్సింది ఈ నేర్పే.

ఎలా నేర్పించానో చెప్తాను. మాంటిస్సోరి బడుల పద్ధతి మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం జరిగినన్నాళ్లూ మన దేశంలోనే ఉండి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆవిడ పద్ధతిలో ఏదైనా చూపించేటప్పుడు చేతులు నెమ్మదిగా కదలాలి, మాటలు తక్కువ ఉండాలి. నేనూ పక్కన కూర్చుని, నోరు మూసుకుని, నిదానంగా తెరిచి చూపించాను. పాప నా చేతులే చూసింది.

ఎండ కాస్తున్న రోజే, హాల్లోనే మొదలుపెట్టండి. ముందు రెండు చేతులూ చాచి గుండ్రంగా తిరగాలి. ఎవరికీ తగలకపోతే అది తన గొడుగుకి సరిపడా చోటు. అప్పుడు గొడుగు కొస నేలవైపు ఉంచి గొట్టం తోయాలి. తెరిచాక మా నాన్నగారు పైనుంచి దూది ఉండలు వేస్తారు, అదే వాన. స్ప్రే బాటిల్‌తో ఒక పక్కనుంచి నీళ్లు కొడితే, వాన ఎటునుంచి వస్తే గొడుగు అటు వంచాలని రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. "వాన ఆగిపోయింది!" అనగానే మూసేయాలి.

మా నాన్నగారు దీనికి వామనుడి కథ కూడా కలిపారు. ఆ పొట్టి వటువు చేతిలో గొడుగు ఉంటుంది కదా! ఇప్పుడు పాప గొడుగు నిటారుగా పట్టుకుని "తాతయ్యా, మూడడుగులు ఇస్తావా?" అంటుంది. మూడో అడుగు సోఫా దిండు మీద. గొడుగు వాలిపోకుండా నడవడం దానికి ఈ ఆటతోనే వచ్చింది.

బట్టలో ఒక భాగం పారదర్శకంగా ఉంది. జపాన్‌లో పిల్లల గొడుగులకి ఇలాంటి కిటికీ మామూలే. చిన్నపిల్లలు గొడుగుని తలమీదికి దించేసుకుంటారు, ఎదురుగా బండి వస్తున్నా కనిపించదు. మా సందులో ఇది చాలా అవసరం. కాకపోతే కిటికీ ఎటు ఉందో పిడి దగ్గర గుర్తేమీ లేదు. నేను ఒక స్టిక్కర్ అంటించాను, స్టిక్కర్ ముందుకి ఉంటే కిటికీ కూడా ముందుకే.

ఇక ఆ ఈల. పిడికి తాడుతో ఈల ఎందుకు కట్టారో నాకు అర్థం కాలేదు. గొట్టం కిందికి లాగిన ప్రతిసారీ తాడు చేతికి చుట్టుకుంటోంది. అంత మంచి గొట్టం పెట్టి, దానికి అడ్డంగా ఈ తాడు వేలాడదీయడం చూస్తే కోపం వచ్చింది. కత్తెర తీసుకుని తీసేశాను, మీరూ తీసేయండి.

బయటికి తీసుకెళ్తే సన్నటి జల్లులోనే ఆడించండి. ఈదురుగాలి ఉంటే వద్దు. ఉరుము వినిపిస్తే ఆట ఆపేసి ఇంట్లోకి రావాల్సిందే, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. ఈల చిరాకు ఉంది, కిటికీ ఎటుందో తెలిపే గుర్తు లేదు. అయినా నా డబ్బులు పెట్టి ఇంకోటి కొంటాను, మా అక్క కొడుకు కోసం. పిల్ల తానే తెరిచి తానే మూసే గొడుగు ఇది వచ్చేదాకా నాకు దొరకలేదు. బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, ఈలోపే తెప్పించి ఇంట్లో ఆడించండి. రంగు మాత్రం పసుపే తీసుకోండి, బూడిద రంగు గొడుగు వానలో బండి నడిపేవాళ్ల కంటికి ఆనదు.