తాగుడు కల్చర్‌ని చట్టం మార్చగలదా? ఒక పిల్లి బొమ్మ దగ్గర మొదలుపెడదాం

[స్క్రీన్ మీద: పాత ఇంటి కిటికీ, దానికి కొట్టిన పిల్లి బొమ్మ, పంజా కింద చిన్న గొట్టం]

లండన్‌లో ఒక సందు అనుకోండి, 1736 తర్వాతి సంగతి. ఒక ఇంటి కిటికీకి పిల్లి బొమ్మ కొట్టి ఉంటుంది, దాని పంజా కింద నుంచి సన్నటి సీసపు గొట్టం కొస బయటికి వచ్చి ఉంటుంది, లోపల ఎవరున్నారో బయటోళ్ళకి తెలీదు. మీరు వెళ్ళి ఆ పిల్లితోనే మాట్లాడాలి, జోక్ కాదు, "పిల్లీ, రెండు పెన్నీల జిన్ను పొయ్యి" అని చెప్పి దాని నోట్లో చిల్లర వేస్తే లోపలున్నాయన గరాటాలో జిన్ను, అంటే ఒక రకం ఘాటు సారా, పోస్తాడు, అది గొట్టంలో జారి వచ్చి మీ కప్పులో పడుతుంది.

ఈ ఐడియా డడ్లీ బ్రాడ్‌స్ట్రీట్ అనే ఆయనది. ఆ ఏడాది పార్లమెంటు జిన్ను అమ్మాలంటే ఏడాదికి 50 పౌండ్ల లైసెన్సు, గాలనుకి 20 షిల్లింగుల పన్ను అని చట్టం తెచ్చింది. మామూలు కొట్టువాడు కలలో కూడా కట్టలేని డబ్బు అది, అంటే నిషేధం అని పేరు పెట్టకుండా నిషేధం అన్నమాట. ఈయన ఏం చేశాడంటే ఆ చట్టం కాపీ కొనుక్కొచ్చుకుని ఒకటికి నాలుగుసార్లు చదివాడు, చదివితే దొరికింది సందు: ఎవరైనా పట్టించాలంటే ఆ ఇంట్లో అద్దెకున్న మనిషి పేరు చెప్పగలగాలి. సరే అని తెలిసినవాళ్ళ ద్వారా ఇల్లు తీసుకుని, తలుపు బిగించుకుని లోపల కూర్చున్నాడు. పేరు తెలీదు, మొహం కనపడదు, బయట కనపడేది పిల్లి ఒక్కటే, పిల్లి మీద కేసు ఎవడు పెడతాడు?

మందు మీద చట్టం గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఇక్కడికే వస్తారు. "చూశారా, జనం తాగాలనుకుంటే ఏ చట్టం ఆపలేదు, ఇది కల్చరు, రక్తంలో ఉంది" అని. నేను కూడా చాలాకాలం అదే అనుకున్నాను. కానీ ఈ జిన్ను కథ కొంచెం వెనక్కి వెళ్ళి చూస్తే సీన్ మారిపోతుంది.

అసలు లండన్ జనానికి జిన్ను పిచ్చి ఎక్కడి నుంచి పట్టింది? దాన్ని పెంచింది కూడా ఒక చట్టమే. 1690లో ఇంగ్లండ్ రాజు విలియం III కాలంలో, ఫ్రాన్స్‌తో యుద్ధం వల్ల ఫ్రెంచి బ్రాందీ రాకుండా చేసి, ఇంగ్లండ్ ధాన్యంతో సారా కాచుకోడానికి తలుపులు బార్లా తెరిచారు. భూస్వాములకి ధాన్యం అమ్ముడుపోతుంది, ఖజానాకి పన్ను వస్తుంది, అందరూ హ్యాపీ. ఒక తరం తిరిగేసరికి వీధి వీధినా చవక జిన్ను, అప్పుడు పెద్దమనుషులు గుండెలు బాదుకుని "ఈ పేదోళ్ళ బుద్ధే అంత" అన్నారు. మీరే గేటు ఎత్తి, నీళ్ళు వచ్చాయేంటి అంటే ఎలా?

ఈ వీడియోలో నేను చెప్పదలుచుకుంది ఇదే. కల్చర్ అని మనం చేతులెత్తేసేది చాలాసార్లు పాత చట్టం పెంచి పెద్ద చేసిన బిడ్డే. జనం చట్టాన్ని మర్చిపోతారు, అలవాటు మాత్రం మిగిలిపోతుంది. అలాంటప్పుడు చట్టంతో అలవాటు మారదు అనడం నాకు వింతగా ఉంటుంది, మారుతుంది, కాకపోతే ఏ చట్టం, ఎవరి మెడ మీద పెట్టారు అన్నదాన్ని బట్టి.

1736 చట్టం ఎందుకు తుస్సుమంది? అది వీధిలో చిన్న చిన్న అమ్మకందార్ల మీద పడింది, పట్టించినవాడికి 5 పౌండ్ల బహుమానం అంది, దాంతో జనం పట్టించినోళ్ళని పట్టుకుని చితక్కొట్టారు. 1743లో ఎత్తేశారు. తర్వాత 1751లో వేరే రకంగా వచ్చారు: సారా కాచేవాడు నేరుగా జనానికి అమ్మకూడదు, లైసెన్సు ఉన్న చోటికే సరుకు పోవాలి, ఆ లైసెన్సు మరీ ఆకాశంలో ఉండదు. ఈసారి వాడకం దిగింది. తర్వాత కొన్నేళ్ళకి పంటలు పోయి ధాన్యం రేట్లు పెరగడం కూడా కలిసొచ్చింది, మొత్తం క్రెడిట్ చట్టానికే ఇవ్వకూడదు లెండి.

[స్క్రీన్ మీద: గోడ గడియారం, 5 గంటల నుంచి 6 గంటలకి తిరుగుతున్న ముల్లు]

ఇప్పుడు ఆస్ట్రేలియా. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో, 1916లో, సౌత్ ఆస్ట్రేలియా, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాలు వరసపెట్టి బార్లు సాయంత్రం 6కే మూసేయాలన్నాయి, 1917 చివర్లో న్యూజిలాండ్ కూడా. ఉద్దేశం మంచిదే, మగాళ్ళు ఇంటికి త్వరగా పోతారు, డబ్బు మిగులుతుంది. కానీ డ్యూటీ దిగేది 5కి! మధ్యలో ఉన్నది ఒక్క గంట. ఆ గంటలో ఏం జరిగేదంటే జనం ఒకరి మీద ఒకరు పడి, కూర్చోడానికి కుర్చీ లేదు, కబుర్లు లేవు, గ్లాసు ఖాళీ చెయ్యడం మళ్ళీ చాపడం ఇదే పని. బార్ వాళ్ళు కూడా తెలివి మీరి, ట్యాపు దగ్గరికి తిరిగే టైం వేస్ట్ అని పొడవాటి గొట్టం పట్టుకుని, చెట్లకి నీళ్ళు పెట్టినట్టు వరసగా గ్లాసుల్లోకి బీరు కొట్టేవాళ్ళు. గోడలకి టైల్స్ వేసేవాళ్ళు, అందం కోసం కాదు, మూసేశాక నీళ్ళు కొట్టి కడుక్కోడానికి వీలుగా ఉంటుందని. ఎందుకు కడగాలో నేను చెప్పక్కర్లేదు అనుకుంటా.

ఆ గంటకి "సిక్స్ ఓక్లాక్ స్విల్" అని పేరు కూడా పడింది, స్విల్ అంటే పందులకి పోసే కుడితి అన్నమాట. న్యూ సౌత్ వేల్స్‌లో 1955 దాకా, న్యూజిలాండ్, సౌత్ ఆస్ట్రేలియాల్లో 1967 దాకా ఇదే తంతు, అంటే దాదాపు 50 ఏళ్ళు. రెండు తరాల మగాళ్ళు తాగడం అంటే నిలబడి గబగబా మింగడం అనే నేర్చుకున్నారు, దాన్ని నేర్పింది ఎవరు? తాగుడు తగ్గించడానికి వచ్చిన రూలే.

ఐస్‌లాండ్ ఇంకో టైపు. 1915లో నిషేధం పెట్టారు, 1935లో వోడ్కా లాంటి గట్టి సరుకుని వదిలేసి 2.25 శాతం దాటిన బీరుని మాత్రం 1989 మార్చి 1 దాకా ఆపారు. ఘాటుది ఓకే, తేలికది నేరం! జనం ఆల్కహాల్ లేని బీరులో వోడ్కా కలుపుకుని తాగారు, ఇంకేం చేస్తారు.

సరే, రష్యా దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే "వీళ్ళు మారరు" అని ప్రపంచమంతా ఒట్టేసి చెప్పే దేశం అదే. జార్ల కాలంలో ఖజానాకి వచ్చే డబ్బులో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, వోడ్కా మీద వచ్చిందే. 1890ల్లో ఏకంగా ప్రభుత్వమే వోడ్కా గుత్తాధిపత్యం పెట్టుకుంది. జనం తాగకపోతే సైన్యానికి జీతాలు ఉండవు అన్న లెక్కలో నడిచిన రాజ్యం అది. అలాంటి చోట తాగుడు రష్యన్ల స్వభావం అంటే, పాపం స్వభావం ఏం చేసింది.

1985 మార్చిలో, అప్పటికి రష్యా సోవియట్ యూనియన్‌లో భాగం, దాని నాయకుడిగా గోర్బచేవ్ వచ్చారు, మేలో మందు మీద యుద్ధం ప్రకటించారు. మధ్యాహ్నం 2 దాటాకే అమ్మకం, ఉత్పత్తి కోత, రేట్లు పైకి, ద్రాక్ష తోటలు పీకించారు కూడా. ఆయన పదవి జనరల్ సెక్రటరీ కదా, జనం "మినరల్ సెక్రటరీ" అని పేరు పెట్టారు, మినరల్ వాటర్ తాగమంటున్నాడని. దుకాణాల్లో చక్కెర మాయం అయింది, ఎందుకంటే ఇంట్లో నాటుసారా కాచుకోడానికి చక్కెర కావాలి, చివరికి చక్కెరకి కూపన్లు పెట్టాల్సి వచ్చింది. కొలోన్ తాగినవాళ్ళున్నారు, అవును, ఒంటికి కొట్టుకునే సెంటు.

ఫెయిల్ కదా? ఇక్కడే చాలామంది వీడియో ఆపేస్తారు, మీరు ఆపకండి. 1984లో రష్యా మగాళ్ళ సగటు ఆయుష్షు 62 లోపు, 1987కి దాదాపు 65. మూడేళ్ళలో మూడేళ్ళు పెరిగింది, ఇది మామూలు విషయం కాదు. ఆ లెక్కన జనం తిట్టుకుంటూ, కూపన్ల కోసం క్యూలో నిలబడుతూనే చావులు తప్పించుకున్నారు. కానీ ఖజానాకి గండి పడింది, జనానికి మండింది, రెండు మూడేళ్ళలో ఉద్యమం చల్లారింది, తర్వాత దేశమే కూలింది, చవక వోడ్కా వరదలా వచ్చింది, 1994కి ఆయుష్షు 58 కంటే కిందకి పడిపోయింది. ఈ పతనం ఒక్క మందు వల్లే అనను, ఉద్యోగాలు, పెన్షన్లు, ఆసుపత్రులు అన్నీ ఒకేసారి కుప్పకూలిన టైం అది, కానీ మందు వాటా చిన్నదేం కాదు.

రెండో ప్రయత్నం 2000ల మధ్యలో మొదలైంది, ఈసారి ఎవరూ యుద్ధం అనలేదు. ముందు ఫ్యాక్టరీలో తయారయ్యే స్పిరిట్ ఎటు పోతుందో లెక్క ఉండేలా ట్రాకింగ్ పెట్టారు. 2010లో వోడ్కా ఇంతకంటే తక్కువకి అమ్మకూడదు అని కనీస రేటు పెట్టారు. 2011లో బీరుని మద్యం కింద చేర్చారు, అప్పటిదాకా అది చట్టం లెక్కలో ఆహార పదార్థం, నవ్వకండి. తర్వాత రోడ్డు పక్క కియోస్కుల్లో అమ్మకం బంద్, రాత్రి 11 నుంచి పొద్దున 8 దాకా షాపుల్లో బంద్, ప్రకటనలు బంద్. ఒక్కోటి విడిగా చూస్తే చప్పగా ఉంటుంది, ఎవడూ వీధిలోకొచ్చి ధర్నా చెయ్యడు. 2003కీ 2016కీ మధ్య తలసరి వాడకం 43 శాతం తగ్గిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది.

నాకు ఇందులో నచ్చింది ఏంటంటే, ఈ రూల్స్ ఏవీ తాగేవాడితో మాట్లాడవు. నువ్వు పాపం చేస్తున్నావ్ అని చెప్పవు. అర్ధరాత్రి సీసా అయిపోయింది, ఇంకోటి కావాలి, కిందకి దిగితే షాపులో దొరకదు, పడుకుంటాడు. అంతే. ఆ రోజు ఆగిపోయిన రెండో సీసాయే చట్టం గెలుపు. తెల్లారి అతన్ని అడిగితే చట్టం నన్నేం మార్చలేదు అనే అంటాడు!

కానీ అంచులు ఉన్నాయి. 2016 డిసెంబర్లో ఇర్కుత్స్క్‌లో స్నానంలో వాడే లోషన్ తాగి 70 మందికి పైగా చనిపోయారు, అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉంది. వోడ్కా కొనలేని మనిషి తాగుడు మానలేదు, పక్క అరలో ఉన్నదానికి వెళ్ళాడు. రేటు పెంచి ఆ పక్క అర చూసుకోకపోతే జరిగేది ఇది.

[స్క్రీన్ మీద: రెండు లెక్కలు పక్కపక్కన]

దూరం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఫిన్లాండ్ ఒక్కటి చాలు. 1969 జనవరి 1 నుంచి మీడియం బీరుని కిరాణా షాపుల్లో అమ్మనిచ్చారు, ఒక్క ఏడాదిలో దేశం మొత్తం ఆల్కహాల్ వాడకం 46 శాతం పెరిగింది. డిసెంబర్ 31 రాత్రి ఫిన్లాండ్ వాళ్ళ రక్తం మారిపోలేదు కదా, అల్మారా మారింది.

పిల్లల విషయంలో మళ్ళీ ఐస్‌లాండే. 1998లో అక్కడ 15, 16 ఏళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గత నెలలో కనీసం ఒకసారి మత్తెక్కేదాకా తాగామన్నారు, 2016కి అది 5 శాతం. కొనడానికి 20 ఏళ్ళ వయసు, ప్రకటనల మీద నిషేధం, రాత్రి ఇన్ని గంటల తర్వాత పిల్లలు ఒంటరిగా బయట ఉండకూడదన్న రూలు, ఇవన్నీ ఉన్నాయి. వీటితో పాటు ఆటలకీ సంగీతానికీ ప్రభుత్వం డబ్బులు, తల్లిదండ్రులు వంతులేసుకుని రాత్రిళ్ళు వీధుల్లో తిరగడం. చట్టం ఖాళీ చేసిన సాయంత్రాన్ని ఎవరో ఒకరు నింపారు. ఆస్ట్రేలియాలో 6 తర్వాత ఏం ఉందో ఎవరూ అడగలేదు.

నా వాదనకి సరిపడని దేశం ఒకటుంది, దాచను. ఫ్రాన్స్‌లో 1956 దాకా బడి క్యాంటీన్లలో చిన్న పిల్లలకి కూడా వైన్ పోసేవాళ్ళు, ఆ ఏడాదే 14 ఏళ్ళ లోపు వాళ్ళకి వద్దన్నారు. 1960ల నుంచి ఆ దేశం తాగుడు సగానికి సగం తగ్గింది, కానీ ప్రకటనల మీద గట్టి చట్టం వచ్చింది 1991లో, అప్పటికే చాలా దిగిపోయింది. పొలం పని పోయి ఆఫీసు పని వచ్చింది, మధ్యాహ్నం తాగి మెషీన్ ముందు కూర్చోలేరు. అక్కడ చట్టం వెనకాల నడిచింది, అంతే.

ఇంక చివరిగా స్కాట్లండ్, ఎందుకంటే ఇది ఇప్పుడు జరుగుతున్న కథ. 2012లో మందుకి కనీస రేటు పెడుతూ చట్టం పాస్ చేస్తే విస్కీ కంపెనీల సంఘం కోర్టుకెళ్ళింది, ఐదేళ్ళు లాగి 2017 నవంబర్లో బ్రిటన్ సుప్రీం కోర్టులో ఓడింది. 2018 మే 1 నుంచి ఒక యూనిట్ ఆల్కహాల్‌కి, అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్‌కి, 50 పెన్నీల కంటే తక్కువకి అమ్మకూడదు అన్నారు. మూడు లీటర్ల గట్టి సైడర్ (ఆపిల్ రసం పులియబెట్టిన మందు) బాటిల్, 7.5 శాతం, అందులో 22.5 యూనిట్లు, అంటే 11 పౌండ్ల 25 పెన్నీలు. అంతకుముందు నాలుగైదు పౌండ్లకే దొరికేది అది, బాగా పేదవాళ్ళు, బాగా అలవాటు పడ్డవాళ్ళు కొనుక్కునే సరుకు. పబ్బులో కూర్చుని తాగే ఆయనకి ఈ చట్టం వచ్చినట్టే తెలీదు, ఆయన గ్లాసు ఎప్పుడో ఆ రేటు దాటింది. కేవలం ఆల్కహాల్ వల్లే వచ్చే చావులు, చట్టం లేకపోతే ఉండాల్సినదానికంటే 13 శాతం పైచిలుకు తగ్గాయని అధికారిక పరిశీలన తేల్చింది. అందులోనే ఇంకో మాట కూడా ఉంది, బానిసైపోయిన కొందరు మందు తగ్గించలేదు, తిండి తగ్గించారు.

తర్వాత కరోనా వచ్చింది, ఇంట్లో తాగడం పెరిగింది, 50 పెన్నీల విలువ ఏటా కరుగుతూ పోయింది. 2023లో స్కాట్లండ్‌లో ఆల్కహాల్ చావులు 1,277, పదిహేనేళ్ళలో అదే ఎక్కువ. చట్టం వద్దన్నవాళ్ళు ఈ నంబర్ ఎత్తి చూపించారు, కావాలన్నవాళ్ళు ఆ 13 శాతం చూపించారు, రెండూ నిజమే. ఆ చట్టంలో ముందే ఒక గడువు రాసి పెట్టారు, ఆరేళ్ళలో మళ్ళీ ఓటు పడకపోతే అదే రద్దయిపోతుంది. 2024 ఏప్రిల్లో గడువు దగ్గరపడింది, సభ్యులు ఓటేశారు, చట్టం ఉంచారు, 50 పెన్నీలని సెప్టెంబర్ 30 నుంచి 65 చేశారు.